దొంగ ఎర చరిత్ర: కళ్యాణి రాజు గాలం నుంచి సింగూరు కప్పబొమ్మ దాకా

  ఈసారి రాజుల యుద్ధాలు లేవు, కోటలు లేవు. చేపల గురించి మాట్లాడుకుందాం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే చేపను మోసం చేసే వస్తువు గురించి. ఇంగ్లీషులో ల్యూర్ అంటున్నారు. చెక్కతోనో, రేకుతోనో, ప్లాస్టిక్‌తోనో చేసిన బొమ్మ. లోపల తిండి ఏమీ ఉండదు. చేప దాన్ని చూసి తిండి అనుకొని నోరు పెడుతుంది. నేను దీన్ని దొంగ ఎర అంటాను.

ఈ మధ్య హైదరాబాద్ నుంచి వచ్చే పిల్లలు చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు. "అన్నా, మీది నారాయణఖేడ్ కదా, సింగూరు బ్యాక్‌వాటర్‌కు ఏ ల్యూర్ పనిచేస్తది? కొర్రమట్టకు ఏది మంచిది?" చెప్తాను. కానీ ముందు కొంచెం వెనక్కి పోదాం. ఎందుకంటే ఏ ఎర ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే, మనిషి ఆ ఎర దాకా ఎట్లా వచ్చాడో తెలియాలి. పైగా ఈ కథలో మన పక్క ఊరికి పెద్ద పాత్ర ఉంది. ఆ సంగతి మనలో చాలామందికి తెలియదు.

మొదట మనం ఎక్కడున్నామో చూసుకుందాం. మంజీర నది మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ పక్కనుంచి మన దగ్గరికి వస్తుంది. మాకు దక్షిణాన సింగూరు జలాశయం. అక్కడ దాటిన నది వంపు తిరిగి, ఏడుపాయల మీదుగా ఉత్తరానికి మళ్ళి, మాకు ఈశాన్యాన నిజాంసాగర్‌లో చేరుతుంది. అంటే నారాయణఖేడ్ మంజీర వంకీలో కూర్చున్న ఊరు. 1956 నవంబర్ 1న రాష్ట్రాలు మారేదాకా మా తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. తర్వాత మెదక్, 2016 అక్టోబర్ నుంచి సంగారెడ్డి. అందుకే ఇప్పటికీ మా అంగట్లో నిలబడితే తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినబడతాయి.

ఈ భాషల్లోనే ఒక చిన్న ఆధారం ఉంది, చూడండి. మనం గాలం అంటాం. కన్నడిగులు గాళ అంటారు. మరాఠీ వాళ్ళు గళ్ అంటారు. ఒకే నది ఒడ్డున మూడు భాషల వాళ్ళు కొక్కేనికి దాదాపు ఒకే మాట వాడుతున్నారు. అట్లాగే మన ఎర అనే మాట. మన పల్లెల్లో వానపామును ఎర్ర అంటారు. కన్నడంలో వానపాము ఎరెహుళు. అంటే ఎర అన్న మాట వినగానే మన పెద్దల కళ్ళ ముందు కనిపించింది బతికున్న తిండి, తడి మట్టిలోంచి తవ్వి తీసిన పురుగు. తిండి లేని ఎర అనేది మన మాటకే కొత్త.

ఇప్పుడు పక్క ఊరి సంగతికి వద్దాం. నారాయణఖేడ్ నుంచి బీదర్ మీదుగా పడమటికి పోతే బసవకల్యాణ్ వస్తుంది. పాత పేరు కళ్యాణి. బసవేశ్వరుడి ఊరుగా మనకు తెలుసు. ఆయనకు కొంచెం ముందు అది పశ్చిమ చాళుక్యుల రాజధాని. ఆరవ విక్రమాదిత్యుడు 1076 నుంచి 1126 దాకా అక్కడినుంచే ఏలాడు. మన వారసత్వ చట్టానికి మూలంగా చెప్పుకునే మితాక్షర ఆయన కొలువులోనే పుట్టింది. ఆయన కొడుకు మూడవ సోమేశ్వరుడు. యుద్ధాల్లో తండ్రి అంత పేరు తెచ్చుకోలేదు కానీ, ఒక పుస్తకం ఇచ్చిపోయాడు. పేరు మానసోల్లాసం. అభిలషితార్థ చింతామణి అని ఇంకో పేరు. 1130 ప్రాంతంలో సంస్కృతంలో రాసింది. అయిదు భాగాలు, ఒక్కో భాగంలో ఇరవై అధ్యాయాలు, మొత్తం వంద. రాజ్యం సంపాదించడం ఎట్లా, నిలబెట్టుకోవడం ఎట్లా, వంటలు, సంగీతం, ఆటలు, అన్నీ ఉన్నాయి. నాలుగో భాగం వినోదాలది. అందులో ఒక అధ్యాయం పేరు మత్స్యవినోదం. చేపలు పట్టే సరదా.

ఒక్కసారి ఆలోచించండి. దాదాపు 900 ఏళ్ళ కింద, మన ఊరికి వంద కిలోమీటర్లకు అటూ ఇటూ దూరంలో, ఒక రాజు గాలం వేయడం గురించి అధ్యాయం రాయించాడు. ఇంగ్లండులో ఈ విషయం మీద అచ్చైన మొదటి పుస్తకం 1496 నాటిది. మనది దానికంటే మూడున్నర శతాబ్దాలు ముందుది. మానసోల్లాసాన్ని బరోడా వాళ్ళు గైక్వాడ్ ప్రాచ్య గ్రంథమాలలో 1925 నుంచి మూడు సంపుటాలుగా అచ్చు వేశారు. ఈ చేపల అధ్యాయాన్ని శాస్త్రవేత్తల కళ్ళకు కట్టినవాడు సుందర్ లాల్ హోరా. చేపల మీద మన దేశంలో పెద్ద పేరున్న పరిశోధకుడు, జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా డైరెక్టర్. 1951లో ఆయన ఆ అధ్యాయం మీద వ్యాసం రాసి, అందులోని సంస్కృత పేర్లు ఇప్పటి ఏ చేపలకు సరిపోతాయో పోల్చి చూశాడు. తర్వాత 2005లో సికింద్రాబాద్‌లోని ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ తరఫున నళినీ సాధలే, వై.ఎల్. నేనే మళ్ళీ దాని మీద పనిచేశారు.

ఆ అధ్యాయంలో ఏముందంటే, ముప్ఫై అయిదు దాకా చేపల రకాలున్నాయి. సముద్రపువి వేరు, నదివి వేరు. పొలుసున్నవి వేరు, తోలు చేపలు వేరు. గాలం కర్రకు వెదురు, దారానికి మొక్కల నార, కొక్కేనికి ఇనుము. వీటన్నిటికంటే ముఖ్యమైనది, చేపలకు తిండి పెట్టే పద్ధతి. ఏ రకం చేపకు ఏ తిండి ముద్ద పెట్టాలి, మాంసం తినే చేపకు ఏది, పిండి తినే చేపకు ఏది అని వివరంగా ఉంది. ముందు రోజూ తిండి పెట్టి మరిపించి, చేప ఆ చోటుకు అలవాటు పడ్డాక గాలం వేయాలి. ఇప్పటికీ మన చెరువుల కాడ పెద్దవాళ్ళు తవుడు, పల్లిచెక్క కలిపి ముద్దలు చేసి ముందు నీళ్ళలో వేస్తారు కదా, ఆ తర్వాతే గాలం వేస్తారు కదా, అదే పద్ధతి.

నేను దీన్ని చదివినప్పుడు ఒక విషయం తోచింది. రాజుగారు పొద్దున లేచి చెరువు గట్టున కూర్చొని ముప్ఫై అయిదు రకాల చేపల తిండి అలవాట్లు కనిపెట్టలేదు. అంత ఓపిక, అంత తీరిక ఏ రాజుకూ ఉండదు. ఆ తెలివి నీళ్ళలో నిలబడి బతికిన వాళ్ళది. వలలేసేవాళ్ళు, గాలం వేసేవాళ్ళు చెప్పి ఉంటారు, పండితుడు శ్లోకం కట్టి ఉంటాడు. పేరు మాత్రం రాజుది. ఇది నా ఊహ అనుకోండి, కానీ చరిత్రలో ఇట్లాంటివి చాలా చూస్తాం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

సరే, కళ్యాణి రాజు చేపకు నిజమైన తిండి పెట్టాడు. మరి తిండి పెట్టకుండా మోసం చేయడం ఎక్కడ మొదలైంది? రాతలో దొరికే పాత సాక్ష్యం క్రీస్తు శకం 200 ప్రాంతానిది. ఏలియన్ అనే రచయిత, రోమ్‌లో ఉండి గ్రీకులో రాసినవాడు. మాసిడోనియాలో ఒక నది గురించి చెప్తాడు. అక్కడ మచ్చల చేపలు నీటి మీద వాలే ఒక రకం ఈగను తింటాయి. ఆ ఈగను పట్టి కొక్కేనికి గుచ్చుదామంటే, చేత్తో ముట్టుకోగానే రంగు పోతుంది, రెక్కలు నలుగుతాయి. అందుకని అక్కడివాళ్ళు కొక్కేనికి ఎర్రటి ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ దగ్గరి ఈకలు రెండు కట్టి, దాన్నే నీటి మీద ఆడించేవాళ్ళట. చూశారా, మోసం సరదాతో పుట్టలేదు. నిజమైన ఎర చేతిలో నిలవకపోతే పుట్టింది.

మరి మన దక్కన్‌లో అది ఎందుకు పుట్టలేదు? నా లెక్కలో మూడు కారణాలు. ఒకటి, నీళ్ళు. ఆ మాసిడోనియా వాగుల్లో చేప కంటితో వెతుక్కుంటుంది. మన మంజీర, మన చెరువులు వానాకాలం దాటినా ఎంతోకాలం బురదగానే ఉంటాయి. బురద నీటిలో చేప వాసనతో వెతుక్కుంటుంది. వాసనకు పిండిముద్ద, ఎర్ర ముందు ఈక ఏం పనికొస్తుంది? రెండు, చేపలు. మన చెరువుల్లో ఎక్కువగా బొచ్చ, రవ్వ లాంటివి. ఇవి ఇంకో చేపను వేటాడవు. నీటిలో తేలే సన్నటి జీవాలో, నాచో, అడుగున కుళ్ళిన ఆకో తింటాయి. వీటి ముందు మెరిసే రేకు ఎంత ఆడించినా తిరిగి చూడవు. మూడు, దారం. తేలికైన బొమ్మను దూరం విసిరి, లాగి, మళ్ళీ విసరాలంటే నార దారం, వెదురు కర్రతో కాదు. దానికి యంత్రం కావాలి.

ఆ యంత్రాల కథ 19వ శతాబ్దంలో మొదలవుతుంది. అమెరికాలో జూలియో బ్యూల్ అనే ఆయన పడవలో కూర్చొని తింటూ ఉంటే చెంచా జారి సరస్సులో పడిందని, అది మెరుస్తూ ఊగుతూ దిగుతుంటే ఒక చేప వచ్చి పట్టుకుందని చెప్పుకుంటారు. కథ ఎంత నిజమో గానీ, 1852లో ఆయన తిరిగే రేకు ఎరకు పేటెంట్ తీసుకున్నది మాత్రం నిజం. ఇప్పటికీ ఆ రకం ఎరకు స్పూన్ అనే పేరే నిలిచింది. తర్వాత మిషిగన్‌లో తేనెటీగలు పెంచే జేమ్స్ హెడన్ 1890ల్లో చెక్కతో కప్పను చెక్కాడు. 1905లో ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ అనే ఉన్ని మిల్లు యజమాని, మిల్లులో కండె మీదనుంచి నూలు జారిపోవడం చూసి, అట్లాగే కండె కదలకుండా దారం జారే రీలు చేశాడు. ఇవాళ మీ చేతిలో ఉన్న స్పిన్నింగ్ రీలుకు అదే తాత. 1938లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ నైలాన్ ప్రకటించింది. మనం తంగీసు దారం అంటాం, ఆ జాతి దారాలు అక్కడినుంచే. ఈ రెండూ కలిశాక, పది గ్రాముల బొమ్మను కూడా ముప్ఫై నలభై గజాలు విసరడం పిల్లల ఆట అయిపోయింది.

వీళ్ళందరిలో నాకు నచ్చిన మనిషి ఫిన్‌లాండ్‌కు చెందిన లౌరి రపాలా. పేదవాడు, చేపలు పట్టి బతికేవాడు. పెద్ద చేప చిన్న చేపల గుంపులోకి వచ్చినప్పుడు అన్నిటినీ తరమదు, దెబ్బ తిని కుంటుతున్న ఒక్కదాన్నే ఎంచుకుంటుంది అని గమనించాడు. 1936లో బెండు చెక్కి, అట్లా కుంటుతూ ఈదే చేపను తయారు చేశాడు. రంగు కొనే స్తోమత లేక చాక్లెట్ చుట్టిన రేకు అంటించి, పాత ఫోటో నెగెటివ్‌లు కరిగించి పైన పూత పూశాడు. 1962లో అమెరికాలో లైఫ్ పత్రిక దాని గురించి రాసింది. మార్లిన్ మన్రో ముఖచిత్రంతో వచ్చిన సంచిక అది. దాంతో ఒక్కసారిగా ప్రపంచమంతా ఆ బొమ్మలు అడిగింది. ఇక్కడ కూడా అసలు విద్య కంపెనీది కాదు, నీళ్ళ కాడ నిలబడి చూసిన జాలరిది.

మన దేశానికి దొంగ ఎర తెల్లదొరల పెట్టెల్లో వచ్చింది. మద్రాసు సివిల్ సర్వీసులో హెన్రీ సల్లివన్ థామస్ అనే అధికారి ఉండేవాడు. దక్షిణ కెనరాలో పనిచేశాడు. 1873లో ది రాడ్ ఇన్ ఇండియా అనే పుస్తకం రాశాడు. కొండ నదుల్లో ఉండే మహసీర్ చేపే అందులో నాయకుడు. 1887లో ఇంకో పుస్తకం, ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా, మన చెరువుల్లో గాలం వేయడం మీద రాసింది. అదే మనిషి ఇంకో పని కూడా చేశాడు. నదుల్లో చేపపిల్లలు అడ్డదిడ్డంగా నాశనమవుతున్నాయని, వాటిని కాపాడాలని ప్రభుత్వానికి నివేదికలు రాశాడు. 1897లో వచ్చిన భారత మత్స్య చట్టం నీళ్ళలో మందుపాతర పేల్చడం, విషం కలపడం నేరం చేసింది. గాలం పట్టినవాడికి చేప మీద బాధ్యత కూడా ఉంటుందనే ఆలోచన అప్పుడే మన చట్టంలోకి వచ్చింది.

ఇక నిజాం కాలం. 1923లో మొదలుపెట్టి 1931లో నిజాంసాగర్ పూర్తి చేశారు. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. తర్వాత 1980ల చివరికి సింగూరు వచ్చింది, 29.9 టీఎంసీల నీళ్ళు, హైదరాబాద్ దాహం తీర్చడానికి. పారే నది నిలిచే నీరయింది. ఇది మన కథలో పెద్ద మలుపు. పారే నీటి చేపలు తగ్గి, నిలిచే నీటిని ఇష్టపడేవి బలపడ్డాయి. మునిగిన పొలాల గట్లు, ఎండిన తుమ్మచెట్లు, ఒడ్డున తుంగ, తామరాకు, గుర్రపుడెక్క. ఇట్లాంటి చోటు ఎవరికి ఇల్లు? కొర్రమట్టకు.

కొర్రమీను అనండి, కొర్రమట్ట అనండి, బొమ్మె అనండి. ఇది తెలంగాణ రాష్ట్ర చేప. దీని సంగతి మిగతా చేపల్లా కాదు. మొప్పలతో పాటు గాలి పీల్చుకునే అవయవం తల లోపల ఉంటుంది. అందుకే ఎప్పటికప్పుడు నీటి పైకి వచ్చి ఒక గుటక గాలి మింగి పోతుంది. ఆ బుడగను చూసే మన గాలం తాతలు "అగో, ఆడున్నది" అనేవాళ్ళు. ఇది వేటగాడు. చిన్న చేప, కప్ప, ఏది కదిలినా మీద పడుతుంది. పాతకాలం నుంచీ దీనికి బతికున్న కప్పపిల్లనే ఎరగా కట్టేవాళ్ళు. అంటే మన దగ్గర దొంగ ఎరకు సరిపోయే చేప ఎప్పటినుంచో ఉంది. లేనిది రీలు, నైలాను, రబ్బరు.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్న. ఏ ల్యూర్? పెట్టె నిండా కొనకండి. మూడు నాలుగు చాలు. కానీ నీటిని చూసి ఎంచుకోవాలి.

ఆకు, గడ్డి దట్టంగా ఉన్న చోట రబ్బరు కప్ప. లోపల బోలుగా ఉంటుంది, రెండు కొక్కేలు వీపుకు ఆనుకొని పైకి ఉంటాయి, అందుకే ఆకుకు తట్టుకోదు. చేప నొక్కితే రబ్బరు అణిగి కొక్కెం బయటపడుతుంది. ఆకు మీద వేసి, మెల్లగా లాగి, ఆకు అంచున నీటిలోకి జారేటప్పుడు ఒక క్షణం ఆపండి. దెబ్బ పడేది అక్కడే. నీళ్ళు ఎగిరిపడగానే కర్ర గుంజకండి. చేప దాన్ని నోట్లో మలుచుకొని కిందికి తిరిగేదాకా ఆగండి, దారం బిగువు తగిలాక గుంజండి. దారం అల్లిక దారమే, ముప్ఫై నలభై పౌండ్లది. సన్న దారంతో పోతే చేప గడ్డిలో దూరి తెంపుకుపోతుంది, నోట్లో ఇనుముతో అది బతకాలి. అది మన పాపం.

గడ్డి లేని తేట నీరు, అంటే దసరా దాటి చలికాలంలో, అయితే స్పూన్ గానీ, తిరిగే రేకున్న స్పిన్నర్ గానీ. వెండి రంగు. స్పూన్‌ను లాగే వేగంలోనే ఉంది విద్యంతా. మరీ వేగంగా లాగితే గిరగిరా తిరుగుతుంది, దారం పురి పడుతుంది. మరీ మెల్లగా లాగితే చచ్చిన రేకు. మధ్యలో ఎక్కడో అది కుంటి పక్కెలా అటూ ఇటూ ఊగుతుంది. ఆ వేగం చేతికి తెలియాలి. ఒడ్డు దగ్గర, కంటికి కనిపించే నీటిలో ముందు లాగి చూసుకోండి.

కొత్తనీరు, బురద నీరు అయితే రంగు కంటే చప్పుడు ముఖ్యం. చేప పక్కల వెంట ఒక గీత ఉంటుంది, నీటి కదలికను అది పసిగడుతుంది. కాబట్టి పెద్ద రేకు తిరిగే స్పిన్నర్, లోపల గుండ్లు గలగలలాడే చేపబొమ్మ. రంగు ముదురుది అయినా ఫర్వాలేదు, నలుపు మంచిది, కింది నుంచి చూస్తే ఆకాశం మీద నీడలా కనిపిస్తుంది. లోతు నీటిలో వాలుగ కోసం అయితే మూతి కింద పలక ఉన్న చేపబొమ్మ. పలక ఎంత పెద్దదైతే అంత లోతుకు దిగుతుంది. వాలుగకు పళ్ళు ఉంటాయి, కొక్కెం దగ్గర మందం దారం ముక్క తప్పదు. బొచ్చ, రవ్వ, బంగారుతీగ కావాలంటే మాత్రం ఈ బొమ్మలన్నీ పెట్టెలో పెట్టి, సోమేశ్వరుడి పిండిముద్దకే పోవాలి. 900 ఏళ్ళయినా ఆ చేపల రుచి మారలేదు.

ఇదంతా చెప్పడం తేలిక. అసలు మాట ఇంకొకటుంది. అందుకోసమే ఈ ఎపిసోడ్ చేస్తున్నాను.

తిండి ఎరకు చేప ఆకలితో వస్తుంది. దొంగ ఎరకు ఆకలి లేకున్నా వస్తుంది. కోపంతో కూడా వస్తుంది. వానలు పడగానే కొర్రమట్ట ఒడ్డు గడ్డిలో చోటు చేసుకొని గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటి మీద తేలతాయి. పిల్లలు బయటికి వచ్చాక ఎర్రగా, నారింజ రంగులో, గుంపుగా తిరుగుతాయి. నీటి మీద సన్నటి వాన పడుతున్నట్టు కదులుతుంటాయి. వాటి కింద కాపలా ఉంటుంది పెద్ద చేప. ఏది దగ్గరికి వచ్చినా కొడుతుంది. తినడానికి కాదు, తరమడానికి. ఇప్పుడు కొందరు చేస్తున్నది ఏంటంటే, ఆ ఎర్రటి గుంపును వెతికి, దాని మధ్యలోంచి కప్పబొమ్మను లాగుతున్నారు. మొదటి విసురుకే దెబ్బ పడుతుంది. ఫోటో వస్తుంది. కాపలా పోయిన ఆ పిల్లల్ని గంటలో పక్కెలు, జెల్లలు, కొంగలు ఊడ్చేస్తాయి. పట్టింది ఒక్క చేపనే, పోయింది వందలూ వేలూ.

"వదిలేస్తున్నాం కదా అన్నా" అంటారు. వదిలితే మంచిదే. కానీ చేపను ఒడ్డుకు తెచ్చి, కొలిచి, ఫోటో దిగి, మళ్ళీ వదిలేసరికి ఎంతసేపు? ఆ లోపల గూడు ఖాళీ. ఇక్కడ ఇంకో లెక్క ఉంది. 2016-17 నుంచి ప్రభుత్వం మన చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. ప్రధానంగా బొచ్చ, రవ్వ, మోసు, బంగారుతీగ. కొర్రమట్ట చాలా వరకు తనంతట తాను పుట్టి పెరగాల్సిందే. అంటే ఒడ్డున ఆ ఎర్రటి గుంపే దాని విత్తనం. విత్తనాన్ని మనం తొక్కితే మళ్ళీ వేసేవాడు లేడు.

రెండో సంగతి, మనుషులది. సింగూరులో, మన చెరువుల్లో చేప మీద హక్కు ఎవరిది? మత్స్య సహకార సంఘాలది, మత్స్యశాఖ లైసెన్సు ఉన్న కుటుంబాలది. గంగపుత్రులు, ముదిరాజులు తరాలుగా ఆ నీటి మీద బతుకుతున్నారు. సంతలో కొర్రమట్ట ధర మీకు తెలుసు, మిగతా చేపల కంటే ఎక్కువ. వాళ్ళకు అది పిల్లల ఫీజు. మనకు సరదా. సరదా తప్పు కాదు, మన పక్క రాజే సరదాగా పుస్తకం రాయించాడు. కానీ అడిగి వేయడం వేరు, అడగకుండా వేయడం వేరు. సంఘం వాళ్ళను కలవండి, రుసుము ఉంటే కట్టండి, చేప పడితే వాళ్ళకే ఇవ్వండి. ఒక మంచి మాట చెప్పి కూర్చుంటే, ఏ మూలన ఏ కాలంలో ఏ చేప తిరుగుతుందో వాళ్ళే చెప్తారు. మానసోల్లాసంలో పేరు ఎక్కని మనుషులు వీళ్ళే. రాజుకు అప్పుడు చెప్పినవాళ్ళ లాంటివాళ్ళు. ఇప్పుడైనా వాళ్ళ పేరుతోనే ఆ విద్యను చెప్పుకుందాం.

మూడోది, సింగూరు కింద మంజీర అభయారణ్యం. 1978లో మొసళ్ళ కోసం ప్రకటించారు. అందులో గాలం, వల ఏదీ వేయకూడదు. మొసలి గీత చూసి ఆగదు, కాబట్టి ఎక్కడైనా సరే సాయంత్రం మోకాళ్ళ నీటిలో దిగి విసరకండి.

దొంగ ఎరలో మంచి లేదా అంటే, ఉంది. రబ్బరు కప్ప వచ్చాక బతికున్న కప్పను కొక్కేనికి గుచ్చే అవసరం పోయింది. పొలంలో పురుగును తినేది కప్పే. కప్పకాళ్ళ ఎగుమతి కోసం లక్షల కప్పల్ని పట్టి, పొలాలు నష్టపోతున్నాయనే ఆందోళన పెరిగి, చివరికి 1987లో మన దేశం ఆ ఎగుమతిని ఆపింది. ఆ లెక్కన బొమ్మ కప్ప ఒక ప్రాణాన్ని మిగిల్చింది. ఇంకో మేలు, దొంగ ఎరను చేప సాధారణంగా లోపలికి మింగదు, ఎక్కువగా పెదవికే తగులుతుంది. కొక్కెం ముల్లును పటకారుతో అణిచేస్తే సులువుగా ఊడుతుంది, చేప బతుకుతుంది. ఎర్ర కట్టిన గాలమైతే చాలాసార్లు కడుపు దాకా పోతుంది, వదిలినా చచ్చే ప్రమాదం ఎక్కువ. కాబట్టి చిన్న చేపను వదిలేయాలనుకునేవాడికి దొంగ ఎరే నయం.

అంటే ఎర నిజమా, దొంగా అన్నది కాదు అసలు ప్రశ్న. సోమేశ్వరుడి రోజుల్లో గాలం వేసేవాడు ముందు చేపకు తిండి పెట్టి, దాని అలవాటు తెలుసుకొని, తర్వాత పట్టాడు. ఇప్పుడు పెట్టెలో యాభై బొమ్మలున్నాయి, చేప అలవాటు మాత్రం చదవడం మానేశాం. బొమ్మ కొనుక్కోవచ్చు, ఆ ఓపికను కొనుక్కోలేం.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ వానాకాలం ఒడ్డున ఎర్రటి పిల్లల గుంపు కనబడితే గాలం పక్కన పెట్టండి. కాసేపు నిలబడి చూడండి, కింద కాపలా చేప ఎక్కడ తిరుగుతోందో కనిపెట్టండి. వీలైతే వీడియో తీసి, ఏ చెరువు, ఏ నెల అని రాసుకోండి. రెండు మూడేళ్ళు అట్లా రాసుకుంటే మన మంజీర వంకీ చేపలకు మనదైన ఒక లెక్క తయారవుతుంది. మీ ఊళ్ళో పాత గాలం పద్ధతులు తెలిసిన పెద్దవాళ్ళుంటే వాళ్ళతో మాట్లాడి, చేపల పేర్లు మీ ఊరి మాటలోనే నాకు పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో నిజాంసాగర్ కట్టినప్పుడు మునిగిన ఊళ్ళ గురించి మాట్లాడుకుందాం.